గాలి ఎటు వీస్తుందో చూసి జోన్లు గీయండి

సంపాదకుల వారికి,

ఎక్కడ పరిశ్రమలు, ఎక్కడ ఇళ్లు ఉండాలో చెప్పే జోన్ల మ్యాపులను వీఎంఆర్‌డీఏ (విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) ఎలా గీయాలన్న దాని గురించే ఈ ఉత్తరం.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి కమ్మేసి 12 మంది చనిపోయారు. ఆ ఫ్యాక్టరీ 1961 నాటిది. తర్వాత దాని గోడ దాకా ఇళ్లు వచ్చేశాయి, ఎవరూ ఆపలేదు. మా పాతనగరంలో పొద్దున తుడిచిన కిటికీ ఊచలు సాయంత్రానికి బొగ్గు దుమ్ముతో నల్లబడతాయి. పిల్లలు పీల్చేదీ ఆ గాలే.

పరిశ్రమకూ ఇళ్లకూ మధ్య చెట్లున్న ఖాళీ జాగా వదలాల్సిందే. గాలివాటం చూడకుండా మ్యాపు మీద రంగులు పూస్తే అది ప్లాన్ ఎలా అవుతుంది? మేఘాద్రి గెడ్డ రిజర్వాయరు నీళ్లు మనం తాగుతున్నాం, దాని పరీవాహకంలో లేఅవుట్లు వద్దు.

వీఎంఆర్‌డీఏ మ్యాపులను సర్వే నంబర్లతో, తెలుగులో, ప్రతి వార్డు సచివాలయంలో అంటించాలి. అభ్యంతరాల గడువు ముగిశాక తెలిస్తే మేమేం చేయగలం?

- ఒక పాఠకురాలు, పాతనగరం, విశాఖపట్నం