తీగలు కనిపించినా

తణుకు,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి వాసంతికి నాన్న ఆశీర్వదించి వ్రాయు ఉత్తరం.

ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమం గురించి ఇరవై నాలుగు రోజులుగా నాకు తెలిసినదంతా కామేశ్వరి పిన్ని చెప్పినదే. నువ్వు ఉద్యోగం మానేశావని ఆవిడ ఒకసారి, మానలేదు గాని రాత్రిళ్ళు ఆఫీసులోనే పడుకుంటున్నావని ఇంకొకసారి చెప్పింది. ఈ రెండింటిలో ఏది నిజమో అడగడానికి నేనీ ఉత్తరం రాయడం లేదు. సంక్రాంతి నాడు మన అరుగు మీద మొదలై మధ్యలో ఆగిపోయిన చర్చ ఒకటి ఉంది, దాన్ని పూర్తి చేద్దామని రాస్తున్నాను. ఫోనులో అయితే "సరే నాన్నా" అని పెట్టేస్తావు.

ఆ రోజు సీతాపతి ఎదుట "మీ సూపర్ హీరో సినిమాల్లో ఆర్భాటం తప్ప కథ ఎక్కడుంది?" అన్నాను. ఆ అభిప్రాయం తప్పని ఇప్పటికీ అనుకోను గాని, ఆ సినిమాలకు పనిచేసే నిన్ను పట్టుకొని "మీ" అనడం మాత్రం తప్పే. నువ్వు అరిసె సగంలో వదిలి లేచి వెళ్ళావు. ఆ సగం అరిసె సంగతి మీ అమ్మ ఇప్పటికి నాలుగుసార్లు ఎత్తింది. తెలియకుండా మాట్లాడానన్న మాట పడకూడదని, పక్కింటి బుజ్జిగాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని ఈ మూడు వారాలూ ఆ సినిమాలను వరసగా చూశాను.

1978 నాటి ‘సూపర్‌మ్యాన్’తో మొదలుపెట్టాము. ఎర్ర వస్త్రం భుజాన వేసుకొని ఆకాశంలోకి లేచే ముందు ఆ కుర్రవాడు పొలంలోనూ ఊళ్ళోనూ ఎంతసేపు గడుపుతాడో చూసి బుజ్జిగాడు విసుక్కున్నాడు గాని, నాకు అదే నచ్చింది. పెంచిన తండ్రి గుండె ఆగి ఇంటి ముందే కుప్పకూలిపోతాడు. ఇన్ని శక్తులు ఉండి కూడా ఆయనను కాపాడలేకపోయానని వాడు సమాధి దగ్గర తల్లితో అంటాడు. ఆ ఒక్క మాట విన్నాక, తరువాత వాడు ఎంత ఎత్తు ఎగిరినా ఆ లోటు మన మనసులోంచి పోదు. (నా గుండె గురించి నువ్వేమీ కంగారు పడవద్దు. మొన్న చేయించిన పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.)

2004లో వచ్చిన రెండో ‘స్పైడర్‌మ్యాన్’ ఇంకా బాగుంది. దృశ్య మాయకు (విజువల్ ఎఫెక్ట్స్ అంటారే, దానికి) ఆస్కార్ తెచ్చుకున్న సినిమా అది, కాబట్టి అందులో హంగు తక్కువని ఎవరూ అనలేరు. అయినా ఆ పిల్లవాడు అద్దె కట్టలేక ఇంటి యజమానికి ముఖం చాటేస్తాడు, పిజ్జాలు ఆలస్యంగా చేరవేసి ఉన్న పని పోగొట్టుకుంటాడు. దూసుకుపోతున్న రైలును సాలెదారాలతో ఆపి స్పృహ తప్పితే, ప్రయాణికులు చేతుల మీదుగా మోసి లోపల పడుకోబెడతారు. ముసుగు లేని ఆ ముఖం చూసి ఒకాయన, వీడు చిన్నపిల్లవాడే, నా కొడుకు కంటే పెద్దవాడు కాడు అంటాడు. అక్కడ నేను కళ్ళజోడు తుడుచుకోవలసి వచ్చింది. రాత్రి రెండింటికి పని ముగించుకొని వచ్చే ఆడపిల్లను గుమ్మం దాకా దిగబెట్టేవారు ఉన్నారా అని కూడా అనిపించింది గాని, అది వేరే విషయం.

2018 నాటి ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ దగ్గర నాకు చిక్కు వచ్చింది. ప్రతినాయకుడు చిటిక వేస్తే సృష్టిలో సగం ప్రాణులు బూడిదైపోతాయి, ఆ సాలీడు పిల్లవాడు కూడా పోను పోను అంటూ రాలిపోతాడు. నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. బుజ్జిగాడు జంతిక నములుతూ, "ఏడవకు తాతయ్యా, తరవాతి సినిమాలో వచ్చేస్తాడు" అన్నాడు. అన్నట్టే 2019లో ‘ఎండ్‌గేమ్’లో వచ్చేశాడు. చచ్చినవాళ్ళు బ్రతకడం మన పురాణాలలో లేదా అని నువ్వు అడగవచ్చు. ఉంది. అయితే సత్యవంతుడి కోసం సావిత్రి యముడి వెంట నడవవలసి వచ్చింది. నడక లేకుండా వరం వస్తే చావుకు విలువ ఉండదు, ఆ తరువాత యుద్ధానికీ ఉండదు.

‘ఎండ్‌గేమ్’కు మాత్రం అన్యాయం చేయను. చివర ఐరన్‌మ్యాన్ తన ప్రాణమే ఇచ్చాడు. 2008లో మొదటి సినిమా నుంచి పదకొండేళ్ళు జనం ఆ మనిషి పొగరునూ, పశ్చాత్తాపాన్నీ చూస్తూ వచ్చారు కాబట్టే ఆ చావు తగిలింది. దాదాపు 280 కోట్ల డాలర్లు లోకం ఊరికే ఇవ్వలేదు. ట్రెజరీలో ముప్ఫై రెండేళ్ళు చేసినవాణ్ణి కనుక నాకు అది ఖాతాలా కనిపించింది. పదకొండేళ్ళు కూడబెట్టినదాన్ని ఒక్క సినిమాలో ఖర్చు పెట్టారు, ఆ తరువాత జమ చేయకుండా చెక్కులు రాస్తూ పోయారు. 2023లో ఈ సినిమాలు తీసిన మార్వెల్ కంపెనీ వారి ‘ద మార్వెల్స్’ వసూలు 20 కోట్ల డాలర్లు దాటి ఎంతో పోలేదు. అందులో పోరాటాలేమీ తక్కువ లేవు.

దర్శకుడు మార్టిన్ స్కోర్సీసీ 2019లో ఈ సినిమాలను వినోదపు పార్కులతో పోల్చాడు. సంక్రాంతి నాడు నేను అన్నదీ ఇంచుమించు అదే గాని, తీరా ఆలోచిస్తే తిరునాళ్ళను తక్కువ చేసి మాట్లాడే అర్హత నాకు లేదు. నాకు పదేళ్ళప్పుడు అత్తిలి షష్ఠికి ఒక నాటక సమాజం వచ్చి పాక వేసింది. నారదుడు ఆకాశం నుంచి దిగుతాడని వారం ముందు నుంచే బండి మీద చాటింపు వేశారు. మా నాయనమ్మ చాప, మంచినీళ్ళ చెంబు, జంతికల మూట తీసుకొని, నన్ను వెంటబెట్టుకొని, పొద్దు ఉండగానే వెళ్ళి ముందు వరసలో చోటు పట్టింది. నారదుడు దిగే వేళకు దీపాలు తగ్గించారు, తెర వెనక రేకులు మోగించారు, మబ్బులు వేసిన అట్ట కదిలింది. ఆయన సగం దూరం దిగి ఆగిపోయాడు. కప్పీలో తాడు చిక్కుకుంది. నడుముకు కట్టిన ఇనుప తీగ అందరికీ కనబడుతూనే ఉంది, ఆయన చిడతలు పట్టుకొని ఒక పక్కకు ఒరిగి గిరగిర తిరుగుతున్నాడు. లోపల ఒకరు "లాగరా" అంటుంటే ఇంకొకరు "వదలరా" అంటున్నారు. కుర్రకారు ఈలలు మొదలుపెట్టారు. ఆయన మాత్రం, తన ముఖం హార్మోనియం వైపు తిరిగినప్పుడల్లా శ్రుతి అందుకుంటూ, పద్యం ఎత్తుకొని పూర్తిగా పాడాడు. పాడి, "కృష్ణా, నేల మీద కాలు పెట్టాకనే చెబుదామనుకున్నాను గాని, కంసుడు అంతదాకా ఆగేట్టు లేడు, విను" అని అక్కడి నుంచే కబురు మొదలుపెట్టాడు. పాక అంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. మా నాయనమ్మ కొరికిన జంతిక చేతిలో పట్టుకొని అలాగే ఉండిపోయింది. కబురు మొత్తం చెప్పాకనే నిచ్చెన తెచ్చి ఆయనను దించారు. ఇంటికి వచ్చే దారిలో, తీగ కనిపించిందా అని నాయనమ్మను అడిగాను. "కనిపించకేం, అయినా కంసుడు ఏం చేస్తాడో చూడొద్దూ" అంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నీ పని ఏమిటని అడిగితే, "హీరోలను వేలాడదీసిన తీగలను చెరిపేస్తాను నాన్నా" అన్నావు. సెకనుకు 24 బొమ్మల లెక్కన నాలుగు సెకన్ల ఎగురుడుకు 96 బొమ్మలు, ప్రతిదానిలోనూ తీగ తుడిచి వెనక ఉన్న ఆకాశాన్ని మళ్ళీ పూయాలని చెప్పావు. ఆ రోజు నాకు మా నారదుడే గుర్తుకు వచ్చాడు గాని, నువ్వు నవ్వుతావని చెప్పలేదు. తీగ కనిపించిన చోట ఊరు ఊరంతా కూర్చుంది, తీగ జాడ లేకుండా మీరు చెరిపిన చోట బుజ్జిగాడు ఫోను చూసుకుంటున్నాడు. ఎగిరి వచ్చినవాడి దగ్గర కబురు లేకపోవడం నీ తప్పు కాదు. ఈ మాట సంక్రాంతి నాడే సీతాపతి ముందు చెప్పవలసింది.

విడుదల తేదీ ముందు వేసుకొని, చివరి యుద్ధం ఎవరి మధ్య ఎందుకో ఆఖరున తేల్చుకుంటే కథ ఎప్పుడు కుదురుతుంది? మార్చిన ప్రతిసారీ పాత ధరకే మళ్ళీ చేయవలసిన భారం మీ బోటి వాళ్ళ నిద్ర మీద పడుతుంది. నువ్వు ఈ కోర్సులో చేరతానన్న 2013లోనే, హైదరాబాదులోనూ శాఖ ఉన్న రిథమ్ అండ్ హ్యూస్ అనే దృశ్య మాయ కంపెనీ దివాలా పిటిషను వేసి, అదే నెలలో ‘లైఫ్ ఆఫ్ పై’కి ఆస్కార్ అందుకున్న వార్తను కత్తిరించి నీ పుస్తకంలో పెట్టాను. నువ్వు దాన్ని పేజీ గుర్తుగా వాడుకున్నావు. 2023 సెప్టెంబరులో మార్వెల్ వారి దృశ్య మాయ పనివాళ్ళు యూనియను కోసం ఏకగ్రీవంగా ఓటు వేశారని చదివినప్పుడు కూడా నీకు చెబుదామనుకొని, ఉపన్యాసం అంటావని ఊరుకున్నాను. ఇప్పుడు చెప్పేశాను, ఏమనుకున్నా సరే.

నువ్వు మానేసి ఉంటే ఇంటికి రా, నీ గది తాళం వేయలేదు. మానకపోతే గంటకు నాలుగుసార్లు తెర మీంచి చూపు తిప్పి దూరంగా చూడు, కుర్చీలో నడుము వెనక చిన్న దిండు పెట్టుకో, నిద్ర ఆపుకోవడానికి కాఫీ తాగకు.

కంటి చుక్కలు, కందిపొడి, ఒక డబ్బా అరిసెలు సీతాపతి కొడుకు చేత బుధవారం రాత్రి బస్సుకు పంపిస్తున్నాను. కిందటిసారి వాచ్‌మన్ వాణ్ణి లోపలికి రానివ్వలేదు కాబట్టి, నువ్వే కిందికి దిగి తీసుకో. ఏ సినిమాలో ఏ నిమిషం దగ్గర నువ్వు చెరిపిన తీగ ఉందో ఒక చీటీ మీద రాసి వాడి చేతికి ఇవ్వు, అక్కడ ఆపి చూస్తాను. సినిమా పేరు చెప్పకూడదని మీ వాళ్ళు సంతకం పెట్టించుకొని ఉంటే, ఉత్త చీటీ అయినా నీ చేతి రాతతో పంపు.

ఆశీస్సులతో,
నాన్న