విమానం ముక్కు కోయడానికి ముందు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో, హ్యూస్టన్ దగ్గర ఉంటున్న మన గుంటూరు జిల్లా ఇంజినీరు ఇంటి గరాజులో విమానం కట్టుకున్న కథనం చదివాను. మన వాడొకడు రివెట్ల తుపాకీ పట్టుకుని రాత్రిళ్లు గడిపాడంటే నాకు సంతోషమే. నేనూ అదే మోడల్ కట్టి ఎగరేస్తున్నవాణ్ణి. అంతకు ముందు వాయుసేనలో ఇంజిన్ ఫిట్టరుగా పనిచేశాను. ఆ హక్కుతో మూడు అభ్యంతరాలు చెబుతున్నాను. 'రేడియేటర్ మరిగిపోయింది' అని రాశారు. 'చవకబారు కిట్' (విడిభాగాలుగా కొని ఇంట్లో కట్టుకునే విమానం) అని రాశారు. వేడి తగ్గడానికి వచ్చే నెల ఇంజిన్ మూతకు ముందున్న గాలి రంధ్రాలను ఆయన వెడల్పు చేయబోతున్నారని రాశారు. మొదటి రెండూ పత్రిక సవరించుకోగలిగినవి. మూడోది జరిగిపోతే మళ్లీ అతుకు వేసుకోవాల్సింది ఆయన.

ఆయన విమానం ఆర్‌వి-7ఏ. ఇంజిన్ లైకోమింగ్ ఓ-360, 180 హార్స్‌పవర్. దానికి రేడియేటరే లేదు, మరగడానికి నీళ్లూ లేవు. నీళ్లతో పని ఉన్నది ఆస్ట్రియాలో తయారయ్యే రోటాక్స్ 912 లాంటి ఇంజిన్లకు. వాటిలోనూ సిలిండర్ తలలకే నీళ్లు, సిలిండర్ల ఒంటికి గాలే. లైకోమింగ్‌కు పూర్తిగా గాలే దిక్కు, దానికి తోడు ఆయిల్.

కిట్ సంగతి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ నిబంధన ప్రకారం ఇలాంటి విమానంలో సగానికి పైగా పని కట్టుకునేవాళ్లే, నేర్చుకోవడం కోసమో సరదా కోసమో చేసి ఉండాలి. కట్టాక ప్రయాణికులను ఎక్కించుకోకుండా, నిర్దేశించిన ప్రాంతంలోనే, మామూలుగా 40 గంటలు పరీక్షగా ఎగరాలి. ఇంజిన్, ప్రొపెల్లర్ ధ్రువీకరణ పొందిన జోడీ అయితే 25 గంటలు. ఆ గంటలు పెట్టిందే ఇలాంటి వేడి గొడవలు బయటపడటానికి. ఆయన విమానంలో ఇంజిన్ వేడెక్కడం పరీక్ష ఆరో గంటలోనే బయటపడిందంటే పరీక్ష పనిచేసిందని అర్థం. అందులో చవకబారుతనం ఏముంది?

ఇక ముక్కు కోత. ఈ ఇంజిన్ చల్లబడే తీరు చెబితే నా పేచీ అర్థమవుతుంది. ప్రొపెల్లర్ వెనుక రెండు రంధ్రాల్లోంచి గాలి లోపలికొస్తుంది. సిలిండర్ల పైన, మూత కింద ఒక గది ఉంటుంది. చుట్టూ అల్యూమినియం రేకులు, వాటి అంచున మూతకు ఆనుకునే రబ్బరు పట్టీలు. గాలి ఆ గదిలో వేగం తగ్గి ఒత్తిడి పెంచుకుంటుంది. కింది గదిలో ఒత్తిడి తక్కువ. ఆ తేడాయే గాలిని సిలిండర్ ఫిన్ల (వేడి పోవడానికి సిలిండర్ చుట్టూ ఉండే పలుచటి లోహపు రెక్కల) సందుల్లోంచి కిందికి తోసి, అడుగున ఉన్న తెరపిలోంచి బయటికి పంపుతుంది. అంటే గాలి లోపలికి రావడం ఒక్కటే చాలదు, ఫిన్ల మధ్యలోంచే పోవాలి, పోయినది బయటపడాలి. పట్టీల పక్కనుంచి జారిపోయిన గాలి చల్లబరిచేది ఏమీ లేదు. పైగా కింది గదిలో ఒత్తిడి పెంచి, ఫిన్లలోంచి వచ్చే గాలికి అడ్డు పడుతుంది. కన్నం పడిన బిందె మూతి వెడల్పు చేసినట్టే ఉంటుంది ముందు రంధ్రాలు పెంచడం.

మీరు వేసిన ఫోటోలోనే సగం జవాబు ఉంది. మూత తీసిన ఇంజిన్, ఎడమవైపు వెనుక మూల, నాలుగో సిలిండర్ వెనుక. అక్కడి రబ్బరు పట్టీ బయటికి ఒరిగి కనిపిస్తోంది. పట్టీ లోపలికి, అంటే ఒత్తిడి ఉన్న వైపుకు వంగి ఉండాలి. అప్పుడు గాలే దాన్ని మూతకేసి అదుముతుంది. బయటికి వంగితే అదే గాలి దాన్ని తోసుకుని పోతుంది. ఫోటో చూసి తీర్పు చెప్పను. మూత తిరగేసి లోపలి ముఖం చూడమనండి. పట్టీ రాసుకున్న చోట నల్లటి గీత పడుతుంది. గీత తెగకుండా ఉంటే పట్టీ ఆనుతోంది. తెగిన చోటల్లా గాలి పోతోంది. చీకటి పడ్డాక ముందు రంధ్రంలోంచి చిన్న దీపం పెట్టి వెనుక నుంచి చూసినా సందులు మెరుస్తాయి. రేకుల మూలలు, స్క్రూల చుట్టూ ఉన్న సందులకు వేడికి తట్టుకునే సిలికాన్ పూత చాలు. ఖర్చు ఒక ట్యూబు.

ఆ తర్వాత కొలత. హైస్కూలు భౌతికశాస్త్రంలో చదివిన మానోమీటరే, పారదర్శకమైన సన్న గొట్టం 'యు' ఆకారంలో వంచి, రంగు నీళ్లు పోసినది. పై గది ఒత్తిడిని, కింది గది ఒత్తిడిని విడివిడిగా బయటి గాలితో పోల్చాలి. గొట్టం కొస మూసేసి పక్కన చిల్లులు పెట్టాలి, లేకపోతే సూటిగా తగిలే గాలి లెక్క తప్పిస్తుంది. చదవడానికి రెండో మనిషి కావాలి. ఎగరేసేవాడు నీళ్ల మట్టం చూస్తూ కూర్చోకూడదు. కాబట్టి ఈ పని పరీక్ష గంటలు ముగిశాకనో, ఎఫ్ఏఏ అనుమతించే అదనపు సిబ్బంది పద్ధతిలోనో చేసుకోవాలి. సముద్రమట్టం దగ్గర 110 నాట్ల (గంటకు సుమారు 204 కిలోమీటర్ల) వేగంలో ఎదురుగాలి ఒత్తిడి సుమారు 20 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానం. పై గదిలో దానికి బాగా తక్కువ కనిపిస్తే పట్టీలు కారుతున్నాయి, లేదా గాలి లోపలికి సరిగ్గా రావడం లేదు. పై గదిలో బాగానే ఉండి కింద కూడా ఎక్కువగా ఉంటే బయటికి పోయే దారి ఇరుకు. అప్పుడు పెంచాల్సింది అడుగున ఉన్న తెరపి. ముందు రంధ్రాల దోషమని తేలడం ఈ రకం విమానాల్లో అరుదు.

అసలు వీటన్నిటికంటే ముందు మీటరు నిజం చెబుతోందా అని చూడాలి. ఆయిల్ సెన్సరును మరిగే నీళ్లలో ముంచితే దాదాపు 100 డిగ్రీల సెల్సియస్ చూపాలి. సిలిండర్ల సెన్సర్లలో ఒకదాన్ని ఇంకోదానితో మార్చి చూడాలి. ఎక్కువ వేడి చూపే అంకె సెన్సరుతో పాటు కదిలితే జబ్బు సెన్సరులో ఉంది, సిలిండర్‌లో లేదు. స్పార్క్ ప్లగ్ కింద వాషరులా పెట్టే సెన్సరు, సిలిండర్ తలలో దిగే సెన్సరు ఒకే అంకె చూపవు. వాటిని పోల్చుకుని బెంబేలెత్తే వాళ్లను చాలామందిని చూశాను.

మీ కథనంలో 'ఇంజిన్ వేడెక్కింది' అని ఊరుకున్నారు. ఏది వేడెక్కింది, ఆయిలా, సిలిండర్లా? నాలుగూనా, ఒకటా? ఈ ప్రశ్నతోనే సగం దారి తెగుతుంది. ఒక్క సిలిండరే అయితే ఇన్‌టేక్ గొట్టం (ఇంధనం కలిసిన గాలి సిలిండర్‌లోకి వెళ్లే దారి) దగ్గర గాలి లీకు వెతకాలి, లేదా ఫిన్ల మధ్య పోతపోసినప్పుడు మిగిలిపోయిన లోహపు పొర. సన్నటి తీగ ఫిన్ల మధ్య దూర్చి చూస్తే ఎక్కడ ఆగుతుందో అక్కడ గాలీ ఆగుతుంది. ఆకురాయితో ఓపిగ్గా తీయాలి. నా విమానంలో మూడో సిలిండర్‌ది ఇంకో కథ. దాని వెనుకవైపు ఫిన్లు మరీ పొట్టివి, వెనుక రేకు వాటికి అంటుకుపోయి ఉంటుంది. గాలికి సందే లేదు. రేకుకూ సిలిండర్‌కూ మధ్య ఒక వాషరు వేసి ఆ కాస్త ఎడం చేశాక, ఆ సిలిండర్ మిగతా మూడింటితో కలిసిపోయింది.

నాలుగూ వేడెక్కుతుంటే ఇంధనం చూడాలి. టేకాఫ్‌లో పూర్తి థ్రాటిల్ మీద ఇంధనం తగినంత పోకపోతే తలలు కాలతాయి. ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం) ఇంజిన్ మీది పలకపై రాసిన అంకెను దాటి ముందుకు జరిగినా అంతే. కొత్త సిలిండర్లయితే పిస్టన్ రింగులు కుదురుకునేదాకా కొంత వేడి సహజం.

ఆయిల్ ఒక్కటే వేడెక్కితే, పెద్ద ఆయిల్ కూలర్ కొనేముందు లోపలి థర్మోస్టాట్ కవాటం విప్పి, గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటరు పక్కన పెట్టి చూడమనండి. 85 డిగ్రీల ప్రాంతంలో దాని కాడ సాగాలి. సాగకపోతే, లేదా అది కూర్చునే పీట అరిగిపోతే, ఆయిల్ కూలర్ వైపు వెళ్లకుండా అడ్డదారిన తిరుగుతుంది. అప్పుడు ఎంత పెద్ద కూలరైనా దండగే.

తయారీదారు సిలిండర్ తలకు పెట్టిన గరిష్ఠ పరిమితి 260 డిగ్రీలు. ఎక్కువ కాలం మన్నాలంటే క్రూయిజ్‌లో, అంటే ఒకే ఎత్తులో సాగిపోయేటప్పుడు, 224 దాటనివ్వకూడదని వాళ్లే చెబుతారు. నేను 205 దాటితే ముక్కు దించి వేగం పెంచుతాను. టెక్సస్ ఆగస్టు ఎండలో 75 నాట్లతో నిటారుగా ఎక్కితే ఎదురుగాలి ఒత్తిడి 9 సెంటీమీటర్లే. 110 నాట్లకు అది రెట్టింపు దాటుతుంది. ఎత్తు నెమ్మదిగా వస్తుంది, రానివ్వండి.

ఈ విషయాలు చెప్పేవాళ్లకు ఇక్కడ అమెరికాలో కొదవ లేదు. సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల కోసం 1953లో పాల్ పోబెరెజ్నీ మొదలుపెట్టిన ఈఏఏ సంఘం శాఖలు ఊరూరా ఉన్నాయి. ఏటా జులైలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్‌లో ఆ సంఘం జరిపే విమానాల మేళాలో రేకు వంచడం దగ్గర్నుంచి నేర్పుతారు. మన కథనాల్లో మాత్రం ఒంటరి వీరుడు, కోత రంపం ఉంటాయి. విజయవాడలోనో వరంగల్‌లోనో డ్రోన్ ఇంజిన్ బిగించుకుంటున్న కుర్రాళ్లు మీ అనుబంధం చదువుతారు. రేడియేటర్ లేదన్న సవరణతో పాటు, ఏది ఎంత వేడెక్కిందో కూడా ఆయన్ను అడిగి వేయండి.

ఈ ఉత్తరం ఆయనకు చేరవేస్తే మేలు. హ్యూస్టన్ మాకు కారులో నాలుగైదు గంటల దూరం. మానోమీటరు, సిలికాన్ ట్యూబు తీసుకుని ఏ శనివారమైనా వస్తాను. అప్పటిదాకా ఆ ఫైబర్‌గ్లాస్ మూత మీద రంపం పెట్టవద్దని చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
డెంటన్, టెక్సస్ (స్వస్థలం తెనాలి)