మా వాడి బిల్లులో ఆ డైపర్లు ఎవరివండి?

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండి అనే ఊరి దగ్గర ఒక పల్లెటూరు. నేను రొయ్యల మేత షాపులో పన్నెండేళ్ల నించి లెక్కలు రాస్తున్నాను. మా వైపు చెరువు పట్టుబడి అయ్యాక ఏజెంటు ఇచ్చే చీటీ మీరు చూసే ఉంటారు, కేజీకి ఎన్ని రొయ్యలు తూగాయో ఆ కౌంటు, మొత్తం ఎన్ని కేజీలు, సాఫ్ట్ అని పక్కన పడేసినవి ఎన్ని, రేటెంత, అన్నీ విడివిడిగా ఉంటాయి, సంతకం తప్ప ఇంకో అక్షరం రాని రైతు కూడా ఆ చీటీ పట్టుకుని ముప్పై కౌంటుని ముప్పై అయిదు అని ఎలా రాసావయ్యా అని కాటా దగ్గరే నిలదీస్తాడు. అలాంటి చీటీలు రోజూ చూసే నాకే పోయిన అక్టోబర్లో మా ఆరేళ్ల బాబు డిశ్చార్జి రోజు చేతికిచ్చిన బిల్లు చూస్తే ఏం అడగాలో కూడా తెలీలేదండి, అందుకే ఈ ఉత్తరం.

వాడికి డెంగీ వచ్చింది. టౌన్లో ఒక ప్రైవేటు పిల్లల ఆసుపత్రిలో అయిదు రోజులు ఉన్నాం. ఆసుపత్రి పేరు రాయను, ఎందుకంటే వైద్యం బాగానే చేసారు, నర్సమ్మలు రాత్రి రెండింటికి కూడా విసుక్కోకుండా వచ్చి చూసారు, బాబు ఇప్పుడు శుభ్రంగా బడికెళ్తున్నాడు. నా గొడవ డాక్టరు గారితో కాదు, ఆ కాగితంతో.

కాగితం ఒకటే పేజీ, ఎనిమిది లైన్లు. రూము 22,500, నర్సింగ్ 3,000, డ్యూటీ డాక్టరు 2,500, పెద్ద డాక్టరు విజిట్లు 8,000, ల్యాబు 14,200, ఫార్మసీ 17,600, కన్స్యూమబుల్స్ అంటే వాడి పారేసే వస్తువులకి 6,840, అదర్స్ 1,500. మొత్తం 76,140. అంతా ఇంగ్లీషులోనే. అదర్స్ అంటే ఏంటి బాబూ అని కౌంటర్లో కుర్రాణ్ణి అడిగితే "అదర్స్ అంటే అదర్సే మేడం" అన్నాడు, పాపం వాడికీ తెలీదనుకుంటా.

ముందు ఇన్సూరెన్సు సంగతి చెప్తాను, ఎందుకంటే మాలాంటి వాళ్లు ఎక్కువ దెబ్బ తినేది అక్కడే. మా ఆయన ఫీడు కంపెనీలో చేస్తారు, కంపెనీ తరఫున మూడు లక్షల పాలసీ ఉంది, అందులో రూముకి రోజుకి ఒక శాతం అంటే 3,000 దాకా ఇస్తారని ఎక్కడో చిన్నక్షరాల్లో ఉందట, మేమెవరం చదవలేదు. అడ్మిషన్ రోజు వాడు జ్వరంతో మూలుగుతుంటే రూము ఏది కావాలి అని అడిగారు, 4,500 రూము ఖాళీగా ఉంది సరే అన్నాం. తేడా రోజుకి పదిహేనొందలు, అయిదు రోజులకి ఏడున్నర వేలు, మనం కట్టుకుంటే పోతుందిలే అనుకున్నాం. కానీ లెక్క అలా ఉండదండి. 4,500కి 3,000 అంటే మూడింట రెండొంతులు కదా, ఆ రెండొంతుల లెక్కని రూముతో ఆపకుండా నర్సింగుకి, డ్యూటీ డాక్టరుకి, విజిట్లకి కూడా వేసారు. ఆ నాలుగూ కలిపి 36,000, అందులో 24,000 ఇచ్చి 12,000 కోసేసారు. మందులకీ టెస్టులకీ మాత్రం ఈ కోత వెయ్యకూడదని 2020లోనే ఇన్సూరెన్సు కంపెనీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఐఆర్డీఏఐ రూలు పెట్టింది, ఐసీయూ చార్జీలకి కూడా వెయ్యకూడదు, అందుకని ల్యాబు, ఫార్మసీ పూర్తిగా వచ్చాయి. కన్స్యూమబుల్స్, అదర్స్ రెండూ మా నెత్తినే పడ్డాయి, గ్లోవ్సు లాంటివి పాలసీలో రావట. మొత్తం మీద జేబులోంచి 20,340 పోయింది. అదే మూడు వేల రూములో ఉండుంటే ఆ 12,000 మిగిలేది, పైగా విజిట్ చార్జీలు కూడా రూము బట్టి మారతాయని తర్వాత తెలిసింది, చాలా ఆసుపత్రుల్లో ఖరీదు రూముకి అదే డాక్టరు, అదే విజిటు, రేటు వేరు. అడ్మిషన్ డెస్కులో ఎవరన్నా ఒక్క ముక్క, మీ పాలసీకి రూము లిమిటెంతో చూసుకున్నారామ్మా అని అడిగుంటే చాలు.

డిశ్చార్జి పొద్దున పదకొండింటికి రాసారు, బయటపడింది సాయంత్రం ఆరు దాటాక. ఆసుపత్రి వాళ్లేమో ఇన్సూరెన్సు నించి అప్రూవల్ రాలేదంటారు, ఇన్సూరెన్సు వాళ్లకి ఫోన్ చేస్తే ఫైనల్ బిల్లు మాకు పంపిందే నాలుగింటికి అంటారు. ఆసుపత్రి నించి కాగితం అందాక మూడు గంటల్లోపు తేల్చాలని, లేటయి ఆసుపత్రి ఎక్స్‌ట్రా వేస్తే అది ఇన్సూరెన్సు కంపెనీయే భరించాలని 2024 మేలో వచ్చిన ఐఆర్డీఏఐ సర్క్యులర్లో ఉంది. అయితే గడియారం మొదలయ్యేది ఆసుపత్రి పంపాక, పంపడం లేటయితే ఎవరిని అడగాలో అందులో నాకైతే కనపళ్లేదు.

ఇంక అసలు సంగతి. ఆ రోజు మేం బిల్లు కట్టేసి వచ్చేసేవాళ్లమే, మా అత్తగారు ఒప్పుకోలేదు. ఆవిడ పాలవాడి లెక్క కాలెండరు మీద గీతలు పెట్టే మనిషి, ఆసుపత్రిలో కూడా బిస్కెట్ ప్యాకెట్ అట్ట చింపి దాని మీద నర్సమ్మ సెలైన్ గొట్టం మార్చినప్పుడల్లా ఒక గీత, సూది మార్చినప్పుడల్లా ఒక సున్నా పెట్టుకుంది. మేం నవ్వాం కూడా. ఆవిడ పోరు పడలేక వివరాలున్న బిల్లు ఇవ్వమని అడిగాను, పది నిమిషాల్లో మూడు పేజీలు ప్రింట్ తీసి ఇచ్చారు, అంటే అది మొదట్నించీ కంప్యూటర్లో ఉందన్నమాట, అడక్కపోతే ఇవ్వరు అంతే. అందులో సెలైన్ గొట్టాల సెట్లు తొమ్మిది, అత్తగారి గీతలు నాలుగు. మిగతా అయిదూ విప్పకుండా ఫార్మసీకి వెనక్కి పంపినట్టు నర్సమ్మ రిజిస్టర్లో ఉంది కానీ బిల్లులో తీసెయ్యలేదు. దాని కింద లైన్లో డైపర్లు, రెండు ప్యాకెట్లు, 1,180. మా వాడు డైపర్ మానేసి నాలుగేళ్లయిందండి. పక్క బెడ్డులో చంటిపిల్ల ఉండేది, బెడ్డు నంబరు తప్పు పడి ఉంటుంది, ఇది మోసం అని నేను అనను. సెట్లకి 730, డైపర్లకి 1,180, మొత్తం 1,910 మారు మాట లేకుండా తిరిగిచ్చేసారు. కానీ అత్తగారు అట్టముక్క దాచకపోయుంటే ఆ డబ్బు పోయినట్టే కదా.

అలాగని ప్రతి లైనూ దొంగ లెక్క అనుకోవడం కూడా తప్పేనండి. రోజుకి రెండు సార్లు రక్తం తీస్తున్నారు, టెస్టుల కోసమే లాగుతున్నారని మా మరిది కోప్పడ్డాడు. కానీ డెంగీలో ప్లేట్‌లెట్లు ఒకటే కాదు, రక్తం చిక్కబడుతోందా అని పీసీవీ కూడా చూస్తూ ఉండాలట, అసలు గండం జ్వరం తగ్గే టైములోనే, అమ్మయ్య తగ్గిందిరా అనుకునే ఆ ఒకటి రెండు రోజుల్లోనే పిల్లలు నీరసపడిపోతారు, సెలైన్ ఎంత ఎక్కించాలో ఆ పీసీవీ బట్టే చూస్తారు. ఇది డాక్టరు గారు రెండో రోజే రెండు నిమిషాలు కూర్చుని చెప్పారు కాబట్టి ల్యాబు లైను చూసినప్పుడు నాకు మంట పుట్టలేదు. చెప్పిన ఖర్చు మీద ఎవరూ గొడవ పడరు.

2017లో గురుగ్రామ్‌లో ఏడేళ్ల పాప డెంగీతో చనిపోతే రెండు వారాల వైద్యానికి దాదాపు 16 లక్షల బిల్లు, అందులో 600 పైన సిరంజిలు, 2,700 గ్లోవ్సు ఉన్నాయని దేశమంతా గోల అయింది, గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత 2018 ఫిబ్రవరిలో మందుల ధరలు చూసే సంస్థ ఎన్‌పీపీఏ ఢిల్లీ చుట్టుపక్కల కొన్ని పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు తీసి చూస్తే కొన్ని వస్తువుల మీద లాభం 1,737 శాతం దాకా ఉంది. ఇక్కడ చాలామందికి తెలీని సంగతి ఏంటంటే ఆ ఆసుపత్రులు ఎంఆర్పీ దాటలేదు, దాటక్కర్లేదు, ఎంఆర్పీయే అంత ఎత్తున ముద్రించి ఉంటుంది, ఆసుపత్రి కొనేది ఎంతో తక్కువకి. కాబట్టి కౌంటర్లో "ఎంఆర్పీకే ఇచ్చాం మేడం" అంటే అది జవాబు కాదు. బయట షాపులో అదే కంపెనీ కాన్యులా, అదే సెలైన్ కోసం చేతికి పెట్టే సూది గొట్టం, ఎంతకి ఇస్తున్నారో కనుక్కుంటే తేడా తెలిసిపోతుంది. కానీ బయట కొన్నవి మేం వాడం అంటారు, పేషెంటు తనకిష్టమైన చోట మందులు కొనుక్కోవచ్చని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారు చేసిన హక్కుల పత్రంలో ఉన్నా సరే. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ముందుకి ఈ ఫార్మసీ గొడవే వస్తే, దీనికి ఏ పద్ధతి పెట్టాలో రాష్ట్ర ప్రభుత్వాలే చూసుకోవాలి అని వదిలేసింది. మన రాష్ట్రం ఏం చూస్తుందో మీ విలేకర్లే అడగాలి.

ఆ హక్కుల పత్రంలోనే ఇంకోటి ఉంది, ముఖ్యమైన రేట్లు లోకల్ భాషలో కూడా అందరికీ కనపడేలా పెట్టాలని. మేమున్న ఆసుపత్రిలో తెలుగులో ఉన్న బోర్డు ఒకటే, చెప్పులు బయట విడవండి అని. కేసు షీటు, రిపోర్టులు మనం అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల రూల్సులో 2002 నించీ ఉంది. రూము రోజుకి 5,000 దాటితే 5 శాతం జీఎస్టీ, ఐసీయూకి, పసికందుల ఐసీయూ అయిన ఎన్ఐసీయూకి లేదు. ఇవన్నీ నేను పదిహేను రోజులు ఫోన్లో వెతుక్కుని, షాపుకొచ్చే ఆడిటరు గారిని విసిగించి తెలుసుకున్నవి.

ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉన్నవాళ్ల పద్ధతి వేరు లెండి. మా వీధిలో ఒకళ్ల పాపకి గుండెలో రంధ్రం మూయడానికి ఆపరేషన్ అయితే ఎన్టీఆర్ వైద్య సేవ కింద, అదే 2007లో ఆరోగ్యశ్రీ అని మొదలైన దాని కింద, ఒక్క రూపాయి కట్టకుండా వచ్చేసారు. అందులో జబ్బుకి ప్యాకేజీ ఇంత అని ముందే ఉంటుంది, ఆసుపత్రిలో పథకం వాళ్లకి సాయం చేసే మిత్ర డెస్కు ఉంటుంది, అక్కడ తేలకపోతే 104కి ఫోన్ చెయ్యొచ్చు. మాకు ఆ కార్డు లేదు, కంపెనీ పాలసీ ఉంది, పాలసీ ఉంది కదా అన్న ధీమాతోనే లిమిటు చూసుకోలేదు.

నేను అడిగేది రేట్లు తగ్గించమని కాదండి, అది నా వల్ల అయ్యేది కాదు. రోజు బిల్లు రోజు ఇవ్వమని. సాయంత్రం ఏడింటికల్లా ఆ రోజు వాడిన మందులు, వస్తువులు, ఎన్ని, ఒక్కోటి ఎంత, వెనక్కి పంపినవి ఎన్ని, తెలుగులో, వాట్సాప్‌లో పంపినా చాలు. డిశ్చార్జి రోజు పిల్లాడు ఇంటికి పోదాం అమ్మా అని కొంగు లాగుతుంటే, కింద ఆటోవాడు హారన్ కొడుతుంటే, ఏ తల్లి నిలబడి మూడు పేజీలు చదువుతుంది చెప్పండి, ఆసుపత్రి వాళ్లకి కావల్సింది కూడా అదే. రెండో రోజు రాత్రి తీరిగ్గా చూస్తే డైపర్లు అప్పుడే పట్టుకునేదాన్ని, ఆ చంటిపిల్ల వాళ్ల అమ్మకి కూడా చెప్పేదాన్ని.

మీరు కూడా ఒక పని చెయ్యండి, జిల్లా ఎడిషన్లో ఒక అరపేజీ ఇచ్చి ఒక బిల్లు నమూనా వేసి ఏ లైను దేనికో తెలుగులో రాయించండి, పంట రేట్లు రోజూ వేస్తారుగా అలాగే.

ఇంకో మాట మర్చిపోయాను. ఆ 1,910 వెనక్కిచ్చినప్పుడు రీఫండు స్లిప్పు కూడా ఇచ్చారు, భద్రంగా దాచాను. దేనికి తిరిగిచ్చారు అన్న చోట రాసింది ఒకటే మాట, అదర్స్.

ఇట్లు
ఒక బాబు అమ్మ,
ఉండి మండలం, పశ్చిమ గోదావరి జిల్లా