గోడ కోసే ముందు

హ్యూస్టన్,
2025 మార్చి 9.

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. వచ్చే నెలలో మీ చర్చివాళ్ళు నార్త్ కరోలినాలోని స్వానానోవాకు, హెలీన్ తుఫానులో దెబ్బతిన్న ఇళ్ళ మరమ్మతుల కోసం పంపుతున్న బృందంలో చేరనా అని నీవు అడిగినట్టు అమ్మ చెప్పింది. వెళ్ళు. అయితే, 2017లో హార్వీ తుఫాను తరువాత మూడు నెలలపాటు ప్రతి శనివారం ఇక్కడ ఆ పనే చేసినవాడిగా నీకు చెప్పవలసినది కొంత ఉంది. అందులో నా పొరపాటు ఒకటి ఉంది; ఇంతవరకు నీకు చెప్పలేదు.

హార్వీ ఆ ఏడాది ఆగస్టు 25న రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటిందన్నది నీకు గుర్తుండే ఉంటుంది. హ్యూస్టన్‌ను ముంచింది మాత్రం గాలి కాదు, రోజుల తరబడి కదలకుండా కురిసిన వాన. మన టెక్సస్‌లోని నెదర్లాండ్ పట్టణంలో అరవై అంగుళాలకు పైగా పడింది. మన తెలుగు సంఘం నుండి ఏడుగురం వేరొక అమెరికన్ చర్చి బృందంతో కలిసి మేయర్‌ల్యాండ్‌లో ఒక పెద్దావిడ ఇంటికి వెళ్ళాము. బ్రేస్ బాయూ అనే వాగు పక్కనున్న ఆ పేటలో కొన్ని ఇళ్ళు మూడేళ్ళలో మూడుసార్లు మునిగాయి. ఆవిడ ఇల్లు వాటిలో ఒకటి. మేము సుత్తులతో లోపలికి అడుగు పెడుతుంటే ఆవిడ కుర్చీలో కూర్చుని, "ఈ గోడ వేసి ఏడాదైనా కాలేదు" అని మాత్రం అన్నారు.

మా బృందానికి పెద్ద ఒక రిటైరైన వడ్రంగి. నేను ఆయనను మనసులో మేస్త్రీ అనే పిలుచుకునేవాణ్ణి. నీళ్ళు మోకాలి దాకానే వచ్చినా షీట్‌రాక్‌ను, అంటే గోడకు బిగించిన జిప్సం పలకను, నేల నుండి నాలుగడుగుల ఎత్తున కోయమన్నారు. దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టు తడిసిన జిప్సం పలకలోకి నీరు పైకి పాకుతుంది కనుక, మరక కనిపించిన చోటికి కోస్తే చాలదు. పైగా పలక వెడల్పు నాలుగడుగులే కనుక, అడ్డంగా పెడితే కోసిన ఖాళీలో కొత్త పలక సరిగ్గా సరిపోతుంది. వేడి, చలి ఆపడానికి గోడ లోపల కూరిన గులాబీ రంగు ఫైబర్‌గ్లాస్ దూది నీళ్ళోడుతూ చేతుల్లోకి వచ్చేది. మాస్కు ఉన్నా ఆ బూజు వాసన ముక్కులో రెండు రోజులు నిలిచేది. ఇల్లు 1978కి ముందు కట్టినదైతే గోడల రంగులో సీసం ఉండవచ్చు కనుక, పరీక్షించకుండా గీకడం మొదలుపెట్టవద్దు. ఫ్రిజ్‌ను ఎట్టి పరిస్థితిలోనూ తెరవవద్దు. తలుపు చుట్టూ టేపు బిగించి అలాగే రోడ్డు పక్కకు చేర్చండి. ఏది విప్పినా ముందు ఫోటో తీయండి, ఎందుకంటే బీమావాళ్ళు తరువాత అడుగుతారు.

మొదటి శనివారం మధ్యాహ్నానికే నాకు ఉత్సాహం హద్దు దాటింది. పడకగదిలో ఉబ్బిపోయిన అట్టపెట్టె ఒకటి కనబడితే, తడిసిన పుస్తకాలే కదా అనుకుని, ఎవరినీ అడగకుండా తోపుడుబండిలో వేసి బయటి చెత్త గుట్టపై కుమ్మరించాను. గంట తరువాత ఆవిడ వచ్చి తన బైబిలు ఎక్కడ అని అడిగారు. ఆ బైబిలు మొదటి పేజీల్లో నాలుగు తరాల పుట్టుకలు, పెళ్ళిళ్ళు, మరణాలు వ్రాసి ఉన్నాయట. మన నాయనమ్మ బైబిలు అట్ట వెనుక నీ పుట్టినరోజును తాతయ్య పచ్చసిరాతో వ్రాసిన సంగతి నీకు తెలుసు. అటువంటి ఇంట్లో పుట్టిన నేనే ఆ పెట్టెను పారేశాను. సాయంత్రం దాకా ఆ గుట్టను తవ్వాను. కాలికింద మేకు ఒకటి బూటును చీల్చుకుని పాదంలో దిగింది. చివరికి పుస్తకం దొరికింది, కానీ కాగితాలన్నీ ఇటుకలా అతుక్కుపోయి ఉన్నాయి. తడిసిన పుస్తకాన్ని గడ్డకట్టిస్తే బూజు ఆగుతుందని మేస్త్రీగారికి తెలుసు కనుక, అది మా పాస్టరుగారి ఇంటి ఫ్రీజర్‌లో బఠాణీల సంచీ పక్కన కొన్ని వారాలు ఉంది. తరువాత నిదానంగా ఆరబెడితే మొదటి పేజీలు విడివడ్డాయి, మిగిలినవి విడివడలేదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బరువైంది.

అప్పుడు నాకు దివిసీమ గుర్తుకు వచ్చింది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నాగాయలంక దగ్గర మా అమ్మమ్మ తాటాకిల్లు నేలమట్టమైంది. ఎక్కడి నుండో చర్చివాళ్ళు వాసాలతో, తాటాకులతో వచ్చారు. వాళ్ళలో ఒకాయన పలుగు నేలకు ఆనించి, "గుమ్మం ఎటు పెట్టమంటారమ్మా?" అని అడిగాడు. ఇల్లే లేని ఆవిడను అడిగిన ఆ ప్రశ్నకు అమ్మమ్మ కాసేపు ఆలోచించి, తూర్పుకే పెట్టమని, పొయ్యి పాత మూలనే ఉండాలని చెప్పింది. వాళ్ళు అలాగే చేశారు. నలభై ఏళ్ళ తరువాత ఆ ప్రశ్న నా నోటికి రాకపోవడం నా తప్పే.

మీరు వెళ్ళేది వేరే రకం చోటు. హెలీన్ 2024 సెప్టెంబరు 26 రాత్రి ఫ్లోరిడాలో తీరం దాటినా, మరునాడు కొండల్లో ఫ్రెంచ్ బ్రాడ్, స్వానానోవా నదులు పొంగి ఊళ్ళను తుడిచిపెట్టాయి. యాష్‌విల్ కుళాయిల్లో తాగదగిన నీరు తిరిగి రావడానికి 53 రోజులు పట్టింది. ఇళ్ళకు వెళ్ళే, ఇంటివాళ్ళ సొంత చిన్న వంతెనలు కూడా చాలా కొట్టుకుపోయాయి కనుక, మీచేత గోడల కంటే ముందు వంతెన కట్టించినా ఆశ్చర్యం లేదు. ఆరు నెలలు కావస్తోంది కాబట్టి మీ వంతుకు కోత కంటే కూర్పు పని ఎక్కువ వస్తుంది. లోపలి కర్రలో తేమ 15 శాతానికి దిగిందని మీటరు చూపేదాకా గోడ మూయనివ్వకు. ఒక్క వారాంతంలో ఇల్లు పూర్తయిందని ఆదివారం సంఘంలో చెప్పాలన్న తొందర కొన్ని బృందాలకు ఉంటుంది. ఆ తొందర బూజును గోడలో పెట్టి కప్పెడుతుంది. అతుకుల మీద టేపు, దానిపై మడ్ మన లప్పం లాంటిదే. మూడు పూతలు, ప్రతి పూతకు మధ్య ఆరే గడువు ఉంటాయి. నీకు ఓపిక తక్కువ కనుక ఆ పని నీవే అడిగి తీసుకో.

ఇంటివాళ్ళతో ప్రార్థన చేయవచ్చు, వాళ్ళు అడిగితే. వాళ్ళ శిథిలాల ముందు నిలబడి ఫోటోలు దిగవద్దు. వచ్చిన గంట, వెళ్ళిన గంట సంతకాల కాగితంలో తప్పక వ్రాయి. కొన్ని పనులకు ఆ గంటలను ప్రభుత్వ సాయంలో స్థానికుల వాటాగా లెక్కిస్తారు.

నీ బూట్ల సైజు వెంటనే తెలియజేయి. లోపల వేసుకునే స్టీలు పలకలు తెప్పించి, అమ్మ పెట్టే గోంగూర పచ్చడితో పాటు ఈ వారంలోనే పంపుతాను. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నావో కూడా చూసి చెప్పు.

ఇట్లు,
నాన్న