లుంగీకి నువ్వు, ప్యాంటుకి మీరు

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది భద్రాచలం దగ్గర ఒక ఊరు. పోయిన నెల మా అమ్మకి మోకాళ్ళ నొప్పులంటే హాస్పిటల్‌కి తీసుకెళ్ళా. ఏ హాస్పిటలో రాయను, ఎందుకంటే ఇది ఆ ఒక్కచోట జరిగేది కాదు. ఓపీ చీటీ కోసం గంటసేపు లైన్లో ఉన్నాం, అంతసేపూ కౌంటర్‌లో అబ్బాయి మాటలే వింటూ నిలబడ్డా. ఇస్త్రీ ప్యాంటు వేసుకున్నాయన వస్తే "చెప్పండి సార్" అన్నాడు, ఆయన వెనకాలే లుంగీ కట్టుకున్న తాత వస్తే "ఏయ్, పేరేంటి, గట్టిగా చెప్పు" అన్నాడు. తాతకి డెబ్బై పైనే ఉంటాయి, వీడికి పాతికేళ్ళు ఉంటే గొప్ప. నేనూ ఆరోజు పొలం నుంచే అటు వెళ్ళా కాబట్టి నాకూ నువ్వే పడింది లెండి.

అంతమందిని చూసేసరికి విసుగు రాదా అంటారు, వస్తుంది, కాదనను. మరి ఆ విసుగు ఇస్త్రీ ప్యాంటాయన మీద ఎందుకు రాలేదో?

తర్వాత మందుల కిటికీ దగ్గర చూసిందైతే ఇప్పటికీ గుర్తొస్తుంది. మా వైపు గుత్తికోయలని ఆదివాసులు ఉంటారు, 2005 తర్వాత సల్వాజుడుం (మావోయిస్టుల మీదికి లేపిన దళాలు) గొడవలకి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చేసినవాళ్ళు, అక్కడి కుంట, సుక్మా వైపు నుంచి కూడా జబ్బు చేస్తే భద్రాచలమే వస్తారు, చాలామందికి కోయ మాట తప్ప తెలుగు రాదు. అలాంటి అమ్మాయే ఒకామె. కిటికీలో ఆయన షీటు కత్తెరతో కట్ చేసి కవర్లో వేసి పైన 1-0-1 అని రాసి "పొద్దున ఒకటి రాత్రి ఒకటి తిన్నాక, అర్థమైందా" అన్నాడు, ఆ అమ్మాయి తలూపి వచ్చేసింది. బయట చెట్టు కింద మా అమ్మ ఊరికే పలకరించి ఎన్ని వేసుకోవాలంట అని సైగ చేస్తే మూడు వేళ్ళు చూపించింది. కవర్ మీద మూడు అంకెలున్నాయి కదా మరి! ఇంతలో వాళ్ళతో వచ్చిన ఆశా అక్క చూసి కోయలో చెప్పింది, పెన్ను తీసి కవర్ మీద ఒక సూర్యుడు, ఒక చంద్రుడు బొమ్మ గీసిచ్చింది, రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అర్థమైందా అంటే ఎవరైనా ఊ అనే అంటారు సార్, కాలేదంటే తిడతారని భయం. ఎప్పుడెప్పుడు వేసుకుంటావో ఏదీ నాకు చెప్పమ్మా అంటే అక్కడే తెలిసిపోయేది.

ఇక లేడీస్ గది బయట సిస్టర్ "తెల్లబట్ట అవుతుందన్నది ఎవరు, రా" అని వరండా అంతా వినపడేలా అరిస్తే ఆవిడ లేస్తుందా? లేవలేదు, నంబర్ దాటిపోయింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లోనే పేషెంట్లకి 17 హక్కులని రాసింది, తెలిసిన భాషలో చెప్పాలని, వాళ్ళ విషయం గుట్టుగా ఉంచాలని అందులో ఉంది. ఆ కాగితం మా దగ్గర ఏ గోడకీ కనపడలేదు.

కోయ వచ్చిన మనిషిని ఒక్కరిని మందుల కిటికీ దగ్గర కూర్చోబెట్టమని అధికారులకి మనవి. మా అమ్మ సంగతంటారా, ఎక్స్‌రే మిషన్ రిపేరంట, మళ్ళీ రమ్మన్నారు. ఈసారి ప్యాంటు ఇస్త్రీ చేయించుకుని వెళ్తా.

ఇట్లు,
ఒక పాఠకుడు, భద్రాచలం