కేబీఆర్ పార్కు అంచు చెట్ల గురించి అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ అటవీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

పదకొండేళ్లుగా నేను పొద్దున్నే హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కుకు నడకకు వెళ్తున్నాను. లోపలికి కాస్త దూరం నడిస్తే చాలు, జూబ్లీహిల్స్ హారన్లు వెనకబడిపోతాయి. తొలకరి పడ్డాక నెమళ్ల కేక బండల మధ్య మారుమోగుతుంది. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఆ కేక వినడానికే నాతో వస్తుంది. మగ నెమలి పురి విప్పిందంటే ట్రాక్ మీద ఎక్కడి వాళ్లక్కడ ఆగిపోతారు, ఫోన్లో మాట్లాడేవాళ్లతో సహా. రాత్రయితే అక్కడ ముళ్లపందులు, పునుగుపిల్లులు తిరుగుతాయి. మేం చూసేది పగటి అడవినే.

చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న ఈ 140 హెక్టార్ల పైచిలుకు నేలను 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. లోపల నడవాలంటే టికెట్ కావాలి. బయట ప్రహరీ వెంబడి ఉన్న ట్రాక్‌కు అదేమీ అక్కర్లేదు. వాచ్‌మన్లు, ఇళ్లల్లో పనికి వెళ్లే ఆడవాళ్లు ఎండపూట అక్కడి చెట్ల కిందే కాసేపు కూర్చుంటారు. నా బాధంతా ఆ చెట్ల గురించే.

పార్కు చుట్టూ జంక్షన్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు కట్టే ప్రణాళిక ఉంది. 2016లో ఇలాంటి ప్రణాళికే వస్తే జనం రోడ్డెక్కారు, జాతీయ హరిత ట్రిబ్యునల్ చెట్ల నరికివేతపై స్టే ఇచ్చింది. 2020లో ఖరారు చేసిన ఎకో సెన్సిటివ్ జోన్, అంటే పార్కు చుట్టూ రక్షణగా ఉంచే అంచు, కొన్నిచోట్ల 3 మీటర్ల వెడల్పే. ఇద్దరు మనుషులు పక్కపక్కన చేతులు చాచి నిలబడితే అయిపోయే దూరం! అంత సన్నటి అంచులో రోడ్డు దుమ్మునీ రాత్రి లైట్లనీ లోపలి జీవాల దాకా పోకుండా కొంతైనా ఆపుతున్నవి ఈ చెట్లే.

ట్రాఫిక్ కష్టం నాకూ తెలుసు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర రోజూ ఇరుక్కునేవాణ్ణే. చెట్లను వేళ్లతో తీసి వేరేచోట నాటుతామని అంటుంటారు. ఆ చెట్టు బతికినా దాని నీడ ఈ ట్రాక్ మీద పడదు, దాని కొమ్మన గూడు కట్టిన పిట్టకు అది దొరకదు.

అందుకే అడుగుతున్నాను. అంచు చెట్లు మిగిలేలా డిజైన్ మార్చమని మీ శాఖ తరఫున గట్టిగా పట్టుబట్టండి. తప్పదనుకున్న ప్రతి చెట్టుకూ నంబరు వేయించి, ఆ జాబితాను ముందే జనం ముందు పెట్టించండి. ఏ అనుమతి ఇచ్చేముందైనా మీ అధికారులు ఆ జాబితా పట్టుకుని ట్రాక్ చుట్టూ నడవాలి. ఏ పొద్దున వస్తారో చెబితే, మేమూ వాళ్లతో నడుస్తాం.

ఇట్లు,
కేబీఆర్ పార్కులో రోజూ నడిచే ఒక హైదరాబాదీ