లండన్ యాత్రలో అమరావతిని వదిలేయకండి

సంపాదకులకు నమస్కారం.

సెలవుల్లో విదేశాలకు వెళ్లే తెలుగు కుటుంబాలు పెరుగుతున్నందువల్ల కాబోలు, పత్రికల పర్యాటక పేజీల్లో లండన్ గురించి తరచుగా వ్యాసాలు వస్తున్నాయి. బిగ్ బెన్, టవర్ బ్రిడ్జి, లండన్ ఐ వాటిలో తప్పక ఉంటాయి. బ్రిటిష్ మ్యూజియం ప్రస్తావన వచ్చినా అది ఈజిప్టు మమ్మీల దగ్గరా, రొజెట్టా శిల దగ్గరా ఆగిపోతుంది. అదే భవనంలో, 33ఎ గదిలో, మన అమరావతి స్తూప శిల్పాలు ఉన్నాయన్న సంగతి మనవాళ్లలో చాలామంది చెవిన పడడం లేదన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను.

నేను వెళ్లిన బృంద యాత్రలో మ్యూజియానికి కేటాయించిన సమయం ఫొటోలు దిగడానికే సరిపోయింది. అమరావతి పేరు మార్గదర్శకుడి నోట రానేలేదు. కోహినూర్ కోసం మాత్రం ఖరీదైన టికెట్టు కొని టవర్ ఆఫ్ లండన్‌కు వెళ్లాం. అక్కడ కిరీటాల ముందు కదిలే బాట మీద నిలబడితే, చూపు నిలిచేలోపే అది మనల్ని దాటించేస్తుంది. కృష్ణా తీరాన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే ఆ వజ్రం కోసం అంత తహతహలాడేవాళ్లం, అదే కృష్ణా తీరాన మన శిల్పులు చెక్కిన రాళ్లను ఉచితంగా, కావలసినంత సేపు చూసే అవకాశాన్ని వదులుకోవడం నాకు చాలా అన్యాయంగా తోచింది. అందుకే బృందాన్ని వదిలి మళ్లీ ఒంటరిగా వెళ్లాను.

33వ గది చివర గాజు గోడ వెనుక ఉన్న 33ఎలో ఆ లేత సున్నపురాయి ఫలకాలు కనిపిస్తాయి. వాటిలో రెండు వైపులా చెక్కిన ఫలకం ఒకటుంది. దాని ఒక వైపు, సుమారు క్రీ.పూ. 1వ శతాబ్దంలో చెక్కినది, బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన భక్తులు. బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. రెండో వైపు, క్రీ.శ. 3వ శతాబ్దంలో రాతిని తిప్పి చెక్కినది, సింహాలు కాపలా ఉన్న ద్వారంతో సహా మహాస్తూపమే దర్శనమిస్తుంది. నేడు అమరావతిలో దిబ్బగా మిగిలిన ఆ స్తూపం ఒకప్పుడు ఎలా ఉండేదో కళ్లారా తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఆధారం నేను చూడలేదు.

1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూసే నాటికే ఇటుకలు, రాళ్లు కట్టడాలకు తరలిపోతున్నాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన శిల్పాలను 1859లో లండన్‌కు పంపారు. అక్కడ కొన్నేళ్లు ఆదరణ లేక పడి ఉండి, 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. వాటిని తిరిగి తెచ్చుకోవాలన్న చర్చ న్యాయమైనదే. అయితే మ్యూజియం తన వస్తువులను ఇచ్చివేయకుండా 1963 నాటి బ్రిటిష్ చట్టం గట్టిగా అడ్డుపడుతోంది గనుక, ఆ చర్చ తేలేలోగా అక్కడిదాకా వెళ్లినవాళ్లమైనా చూసి రావాలి కదా.

ప్రవేశం ఉచితం. శుక్రవారం రాత్రి 8.30 వరకు మ్యూజియం తెరిచి ఉంటుంది కాబట్టి, పగలు తిరిగి అలసిన పెద్దవాళ్లకు సాయంత్రం అనుకూలం. గదులను అప్పుడప్పుడు మూసి ఉంచుతారు గనుక ముందుగా వాకబు చేసుకోవాలి.

లండన్‌పై ఇకముందు ప్రచురించే వ్యాసాల్లో 33ఎ గది గురించి కనీసం ఒక పేరా ఉండేలా చూడవలసిందిగా మిమ్మల్నీ, అక్కడ గంటసేపైనా ఆగేలా కార్యక్రమం వేయవలసిందిగా తెలుగు యాత్రా నిర్వాహకులనూ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు